నల్లా మీద వేడినీళ్ళు

తలకు నూనె రాసుకుందామని చూస్తే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి ఉంది. ఈ ఏడు చలి ముందే వచ్చింది. సీసాను కిటికీలో ఎండపడే చోట పెట్టి, అది కరిగేదాకా కాసేపు వాలదామని మంచం మీద కూలబడ్డాను. ఈ మధ్య కూర్చోవడానికి నాకు ఏదో ఒక సాకు కావాలి. వానకాలమంతా అవ్వతో దవాఖానలో గడిచింది. ఆమె పోయాక కర్మలూ, వచ్చే చుట్టాలూ పోయే చుట్టాలూ అయ్యేసరికి దసరా దాటింది. ఆ అలసట ఇంకా ఒంట్లోంచి పోలేదు. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. అవ్వ లేదన్న సంగతి తీరిగ్గా కూర్చుని ఏడ్చే ఓపిక కూడా నాకింకా దొరకలేదు. అలా కూర్చుని ఉండగా తమ్ముడు రమేష్ ఫోన్ చేశాడు.

"అక్కా, బాపు పరిస్థితి మంచిగ లేదే. పొద్దుగాల్నే లేచి నీళ్లు కాగబెట్టి నల్లా మీద పోస్తాండు. మొన్న చెయ్యి కాల్చుకున్నడు. సుజాత భయపడ్తాంది. నువ్వొచ్చి జర చెప్పు. నీ మాటైతే ఇంటడు."

"ఇనకపోతే?"

"వంటింటికి తాళం ఏస్త. ఇంకేం జెయ్యాలె చెప్పు? తాళం గూడ తెచ్చిన."

తమ్ముడి మీద కోపం రావలసిన మాట అది. రాలేదు. కోపానికైనా కొంత బలం కావాలి కదా. ఒక సంచిలో రెండు చీరలు పెట్టుకుని హనుమకొండ నుంచి మడికొండకు ఆటో ఎక్కాను. నూనె సీసా కిటికీలోనే మర్చిపోయాను.

అవ్వ పోయాక బాపును రమేష్ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఐటీ పార్కు వచ్చాక లేచిన అపార్టుమెంట్లలో వాడిది చిట్టచివరి అంతస్తు. నేను వెళ్ళేసరికి బాపు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాత ఆకుపచ్చ స్వెటర్ వేసుకుని, కింద రోడ్డు మీద పోయే బైకులను చూస్తున్నాడు. ఎడమచేతికి గుడ్డ కట్టి ఉంది. "వచ్చినవా బిడ్డా" అన్నాడు, అంతే. ఆయన ఎప్పుడూ పొదుపుగానే మాట్లాడేవాడు, ఇప్పుడు అది కూడా తగ్గింది. లోపల మరదలు సుజాత నాకు చాయ పెట్టి ఇస్తూ గొంతు తగ్గించి చెప్పుకుంది. "వదినా, నేను చెడ్డదాన్ని గాదు. పొద్దున ట్యాంకుల నీళ్లైపోతయి, పై అంతస్తు గదా, మనకే ముందు ఆగిపోతయి. వాచ్‌మన్ లేచి మోటరు ఏస్తే మళ్ల వస్తయి. మోటరు ఏస్తే వస్తయి మామయ్యా అని రోజు చెప్తాన. ఇనకుంట పోయి గ్యాస్ ముట్టిస్తాండు. ఒకనాడు పొయ్యి బంద్ చేసుడు మర్చిపోతే మా గతేం గావాలె?" ఆమె మాటలో తప్పు లేదు. ఆమె కళ్ళ కింద కూడా నల్లగా ఉంది, ఆమెకూ నిద్ర లేదు. రమేష్ తెచ్చిన తాళం ఫ్రిజ్ మీద, ఇంకా ప్యాకెట్ విప్పకుండా ఉంది. బాపు రిటైరయ్యేదాకా ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని కాపలా కాసినవాడు. ఇప్పుడు ఆయనకు అడ్డంగా తాళం.

సుజాతకు ఆ నల్లా సంగతి కొత్త. ఆమె కోడలుగా వచ్చేసరికి మా పాత ఇంట్లో బోరు పడింది, మోటరు వచ్చింది. రమేష్ అప్పట్లో మరీ చిన్నవాడు, దుప్పటి కింద నుంచి లేచేవాడు కాదు. అది తెలిసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

మాది వరంగల్ మట్టెవాడలో ఒక గల్లీ. గల్లీ కొంచెం ఏటవాలుగా ఉండేది, మా ఇల్లు ఎగువన. నల్లా పైపులో నీళ్ళకు మా ఇంటిదాకా ఎక్కే బలం ఉండేది కాదు. అందుకని అందరిలాగే మేమూ వాకిట్లో నడుము లోతు గుంత తవ్వి, అందులోకి పైపు దించి, అడుగున నల్లా పెట్టుకున్నాం. నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున వచ్చేవి. ఆ గుంతలోంచి వచ్చే వాసన నాకింకా గుర్తుంది. తుప్పు, నాచు, తడిసిన గోనెసంచి, పక్కన పొయ్యిలో చింతమొద్దు పొగ, అన్నీ కలిసిన వాసన. ఇప్పటి నల్లాలకు ఏ వాసనా లేదు. స్టీలు నల్లా, తెల్లటి టైల్సు, తిప్పితే నీళ్ళు, కట్టేస్తే లేవు. నీళ్ళ కోసం ఎవరితోనూ కలిసి కూర్చోవలసిన పని లేదు.

బాపు మిలటరీలో ఉన్నంతకాలం నాకు ఆయనంటే సెలవుల్లో ట్రంకుపెట్టెతో వచ్చి, ఇల్లంతా సబ్బు వాసన నింపి, మళ్ళీ వెళ్ళిపోయే ఒక పెద్దమనిషి. నేను బడికి పోయే వయసులో ఆయన పూర్తిగా ఇంటికొచ్చేశాడు. మాకే కాదు, అవ్వకు కూడా ఆయన కొత్తే. పెళ్ళయిన తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఉన్న రోజులకంటే విడిగా ఉన్న రోజులే ఎక్కువ. అవ్వ కేసముద్రం దగ్గర పల్లెటూరి మనిషి, నోరు గలది, చేతికి పని లేకపోతే ఉండలేదు. బాపు మరిపెడ వైపు వాడు, మాట లేనివాడు, అన్నీ టైము ప్రకారం జరగాలనేవాడు. అన్నం తినేటప్పుడు కూడా మౌనంగా, ఎవరో ఈల వేస్తే లేవాలన్నట్టు తినేవాడు. అవ్వ పొద్దున వంట చేసి మార్కెట్‌కు పోయేది, మిరపకాయల తొడిమెలు తీసే పనికి. సాయంత్రం చేతులు మండుతూ, తుమ్ముతూ వచ్చేది. ఆ ఘాటుకు మేం కూడా తుమ్మేవాళ్ళం. బాపుకు ఒక్కోసారి బ్యాంకులో రాత్రి కాపలా. ఆయన వచ్చేసరికి ఆమె పోయేది, ఆమె వచ్చేసరికి ఆయన పోయేవాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుని నింపాదిగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఉప్పు తక్కువైందని ఒకరు, బియ్యం అయిపోయాయని ఇంకొకరు, అంతవరకే.

బాపు పనిచేసింది లడాఖ్ వైపు ఎక్కడో మంచుకొండల మీద. అక్కడ కొండ మీది ఊట నుంచి వంటశాలకు ఒక పైపు ఉండేదట. రాత్రికి ఆ పైపులో నీళ్ళు గడ్డకట్టేవట. అందరూ లేవకముందే దాన్ని కరిగించడం బాపు డ్యూటీ. "నూరు మంది చాయ లేక కూసుంటరు, నా ఒక్కని చేతుల ఉంటది" అని, ఎప్పుడో ఒకసారి మనసు బాగున్నప్పుడు చెప్పేవాడు. ఆ పని ఆయన చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందో ఏమో, ఇక్కడ చలికాలం వచ్చిందంటే మా నల్లాకు కూడా అదే రోగం అనుకున్నాడు. చలికాలంలో మా గల్లీకి నీళ్ళు కాస్త ఆలస్యంగా వదిలేవాళ్ళు. బాపు మాత్రం తెల్లవారకముందే లేచి, స్వెటర్ తొడుక్కుని, గుంతలోకి దిగి నల్లా తిప్పేవాడు. చుక్క రాకపోతే, "పైపు గడ్డ కట్టింది" అనేవాడు. పైపుకు గోనెసంచి చుట్టేవాడు. అవ్వ పొయ్యి మీద కాగులో నీళ్ళు కాచి ఇస్తే చెంబుతో పోసేవాడు.

అందులో ఆయనకు పద్ధతులు ఉండేవి. నేను గుంత గట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటుంటే నాకు చెప్పేవాడు. "నల్లా తిప్పే ఉంచాలె బిడ్డా, లేకుంటే కరిగిన నీళ్లు ఎటు పోవాలె? పొగలొచ్చే నీళ్లు పొయ్యొద్దు, పైపు పలుగుతది. మూతి కాడ మొదలువెట్టి ఎనుకకు పోవాలె." అలా చెప్పేటప్పుడు మాత్రమే ఆయన మాకు దగ్గరి మనిషిగా కనిపించేవాడు. ఇంకెప్పుడూ లేని వెలుగు ఉండేది ఆ ముఖంలో. కాసేపటికి పైపు గుర్రుమనేది, బుస కొట్టేది, ఎర్రటి నీళ్ళు నాలుగు కక్కి, తర్వాత ధారగా పోసేది. "కరిగింది" అనేవాడు బాపు. గుంతలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకునేవాడు. కింది ఇంటి యాకూబీ, మేం చిన్నమ్మా అని పిలిచేవాళ్ళం, బిందె చంకన పెట్టుకుని పోతూ పోతూ గోడ మీంచి తొంగి చూసేది. "మిలట్రీ అన్నా, మీ ఇంట్ల మంచు కరిగిందా? మా ఇంట్లకు గూడ రెండు చెంబులు పొయ్యరాదు!" గల్లీ అంతా నవ్వేది. బాపుకు కోపం వచ్చేది కాదు. నవ్వని మనిషికి కోపం రాకపోవడమే మాకు పెద్ద వింత.

పెద్ద క్లాసుకు వచ్చాక నాకు తెలివి వచ్చింది కదా, ఒకనాడు గట్టు మీద నిలబడి అన్నాను. "బాపూ, నీళ్లు గడ్డ కట్టాలంటే మస్తు చలి గావాలె. వరంగల్‌ల అంత చలి రాదు. మా సారు చెప్పిండు." బాపు ఇంట్లోకి పోయి, గూట్లోంచి కొబ్బరినూనె డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు. ఒక్క చుక్క పడలేదు. "మరి ఇదెందుకు కట్టింది? మీ సారును అడుగు" అన్నాడు. మర్నాడు సారును అడిగాను. ఆయన నూనె వేరు, నీళ్ళు వేరు అని చాలాసేపు చెప్పాడు. ఆ సంగతి ఇంటికి వచ్చి బాపుకు చెప్పాలనిపించలేదు. డబ్బా బోర్లించినప్పుడు ఆయన మొహంలో కనిపించిన గెలుపు నాకు నచ్చింది.

కానీ అవ్వ మీద మాత్రం నాకు కోపం ఉండేది. ఉన్న నీళ్ళు తక్కువ, కట్టెలు తక్కువ, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే పొయ్యి ముట్టించి, నీళ్ళు కాచి, వాటిని పైపు మీద పోయించడం. తర్వాత పరుగున వంట, పరుగున మార్కెట్టు. "నీకన్నా తెలువదా అవ్వా? నీళ్లు దండుగ, కట్టెలు దండుగ. బాపుకు జర చెప్పరాదు?" అన్నాను ఒకరోజు బాపు బ్యాంకుకు పోయాక. అవ్వ బోళ్ళు తోముతోంది. తల ఎత్తకుండానే, "ఏడ దండుగ? ఈ నీళ్లేడియి?" అంది. అప్పుడు చూశాను. గుంతలో పైపు కింద ఆమె ఎప్పుడూ ఒక గంగాళం పెట్టేది. పైపు మీద పోసిన వేడినీళ్ళన్నీ అందులో పడేవి. చలికాలం పొద్దున ఆమె బోళ్ళు తోమేది ఆ గోరువెచ్చని నీళ్ళతోనే.

"గట్లనే ఇంకోటి చెప్త, మీ బాపుకు చెప్పకు" అని నవ్వింది. నీళ్ళు వదిలితే దిగువ ఇళ్ళకు ముందు వస్తాయి. యాకూబీ తన నల్లా రాత్రే తిప్పి, కింద ఖాళీ రేకు బకెట్ పెట్టి పడుకునేది. అవ్వ అడిగి పెట్టించిందట. మొదటి ధార ఆ రేకు మీద పడితే టంగుమని మోగేది. అది వినబడ్డాక ఇంకో నిమిషానికి మా నల్లాకు ఎక్కేవి. అవ్వ ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేది. అప్పటిదాకా నీళ్ళు ఇంకా కాగలేదని, కట్టె తడిగా ఉందని, గుడ్డ సరిగ్గా చుట్టమని బాపును ఆపేది. టంగు వినబడగానే, "ఇగ పొయ్యుండ్రి" అనేది. బాపు పోసేవాడు. నల్లా వచ్చేది. ఆమె చలికి తల చుట్టూ కొంగు బిగించుకునేది కానీ ఒక చెవి మాత్రం బయట ఉండేది. అన్నేళ్ళు ఆ చెవిని నేను చూస్తూనే ఉన్నాను, ఎందుకో తెలియలేదు. "ఎందుకే ఇంత నాటకం?" అంటే, "ఆయన చేతుల మీదనే రావాలె నీళ్లు. ఫౌజుల గట్లనే వచ్చేటియి గద" అని మళ్ళీ బోళ్ళలో పడింది.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. బాపుకు తెలియదనే అనుకున్నాను. దవాఖానలో అవ్వ ఆఖరి రోజుల్లో కూడా, బాపు మంచం పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చుని ఉంటే, ఈ మనిషికి తన వెనక ఒక ఆడది ఎంత చేసిందో ఏమీ తెలియదు కదా అని నాకు జాలి వేసేది. కొంచెం చిరాకు కూడా వేసేది, దాచడమెందుకు.

ఆ రాత్రి రమేష్ ఇంట్లో హాల్లో చాప వేసుకుని పడుకున్నాను. బాపుకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. చెప్పేదేముంది, చెయ్యి చూపించి వద్దు బాపూ అనడమే. అది వింటాడు కూడా. విని మానేస్తాడు. మానేసి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ఆ తర్వాత ఆయనకు తెల్లవారడానికి ఏ పనీ ఉండదు. ఆ ఆలోచనే నన్ను నిద్రపోనివ్వలేదు.

తెల్లవారుతుండగా వంటింట్లో గిన్నె చప్పుడైంది. లేచి వెళ్ళాను. కీళ్ళన్నీ పట్టేశాయి. బాపు స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. గుడ్డ కట్టిన చేత్తో లైటర్ నొక్కలేకపోతున్నాడు. నన్ను చూసి తప్పు చేసినవాడిలా పక్కకు జరిగాడు. అది చూడలేకపోయాను. "నేను ముట్టిస్త తియ్యి బాపూ" అన్నాను. నీళ్ళు సన్నని సెగ మీద పెట్టాను. వెనక బాల్కనీలో బోళ్ళు తోమే చోట ఒక నల్లా ఉంది. ఆయన అప్పటికే దాన్ని తిప్పి ఉంచాడు, పైపుకు పాత తువ్వాలు చుట్టాడు. నేను కింద టబ్ పెట్టాను. చలిగా ఉంది, కొంగు తల చుట్టూ కప్పుకుని ఆయన పక్కన పీట మీద కూలబడ్డాను. ఆయన స్టూలు మీద కూర్చుని మగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "ఆగు బాపూ, ఇంక జర కాగాలె" అన్నాను. "గుడ్డ సక్కగ చుట్టు" అన్నాను. ఆయన చుట్టాడు. ఎదురు అపార్టుమెంట్లో ఒక్కో లైటూ వెలుగుతోంది. ఎవరి వంటింట్లో వాళ్ళు ఒక్కరే నిలబడి ఉన్నారు. చాలాసేపటికి కింద సెల్లారులో మోటరు గుమ్మని మొదలైంది. పైన ట్యాంకులో నీళ్ళు పడటం సన్నగా వినబడింది. ఇంకాసేపు ఆగి, కాగిన నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇగ పొయ్యి బాపూ" అన్నాను.

ఆయన మూతి దగ్గర మొదలుపెట్టి, వెనక్కి, నిదానంగా పోశాడు. పైపు గుర్రుమంది, బుస కొట్టింది, నీళ్ళు వచ్చాయి. బాపు నల్లా వైపు చూడలేదు. నా వైపు చూస్తున్నాడు.

"ఒక చెవు బయట పెట్టుకున్నవ్" అన్నాడు.

నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది.

"మీ అవ్వ గూడ గంతే. చలికి వణుక్కుంట గూడ ఆ చెవు కప్పకపోయేది. యాకూబీ ఇంట్ల బకెట్ మోగుతే నాకు ఇనపడకపోయేదా బిడ్డా? రాత్రంత కాపలా గాసే చెవులు నాయి."

"తెల్సి గూడ ఎందుకు పోసినవ్ మరి అన్నేండ్లు?"

బాపు చేతిలో మగ్గు అటూ ఇటూ తిప్పాడు. "నాకు ఎర్కైందని తెలిస్తే లేచి పనికి పోయేది గద" అన్నాడు. "ఏం పనో ఆమెకు, ఎప్పుడు ఉరుకుడే. నీళ్లు వచ్చేదాక ఐతే నా పక్కన కూసునేది."

నాకు ఏడుపు వచ్చింది. అవ్వ పోయిన రోజు రానిది, కర్మల్లో రానిది, అప్పుడు ఆ టబ్ ముందు వచ్చింది. ఎంత మొండి మనుషులు వీళ్ళు. ఒక్క మాట ఎదురుగా చెప్పుకోలేక, ఒకరి కోసం ఒకరు ఏమీ తెలియనట్టు నటించి, అన్ని చలికాలాలు కట్టెలు తగలేశారు. నా పెళ్ళయ్యాక నేనూ మా ఆయనా మనసులో ఉన్న ప్రతి మాటా చెప్పుకున్నాం. ఒక్క పొద్దైనా అంత ఓపిగ్గా పక్కన కూర్చున్నామా అంటే చెప్పలేను. బాపు నన్ను ఓదార్చలేదు, ఆయనకు అది రాదు. టబ్‌లోని గోరువెచ్చని నీళ్ళు నా చేతుల మీద పోశాడు.

అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో సుజాత నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. వెనక ఫ్రిజ్ మీద తాళం ప్యాకెట్ అలాగే ఉంది. ఆమె జుట్టు ముడి వేసుకుంటూ దగ్గరికి వచ్చింది.

"నీళ్లొచ్చినయా మామయ్యా?"

"కరిగింది బిడ్డా" అన్నాడు బాపు, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా. "బకెట్ పెట్టు."

సుజాత మోటరు సంగతి ఎత్తలేదు. బకెట్ తెచ్చి నల్లా కింద పెట్టింది. ఆవలింత ఆపుకుంటూ, "రేపటి సంది నన్ను గూడ లేపుండ్రి మామయ్యా. నీళ్లు నేను కాగబెడ్త, మీరు పోద్దురు" అంది.

బాపు ఆమెను కాసేపు పరీక్షగా చూశాడు. పక్కనున్న ఇంకో పీట కాలితో ఆమె వైపు జరిపాడు.

"పొగలు రానియ్యకు మరి, పైపు పలుగుతది" అన్నాడు.